గాడోటెరేట్: మందు మంచిదే, చిక్కంతా గొట్టం దగ్గరే

కోనసీమ, కాకినాడ వైపు నుంచి వచ్చే పెద్దలకీ పసిపిల్లలకీ ఎమ్మారై గదిలో ఐదేళ్లుగా ఈ కాంట్రాస్టే, అంటే స్కాన్ బొమ్మ తేటగా రావడానికి నరంలోకి ఇచ్చే గాడోలినియం మందే, ఎక్కిస్తున్నాను. నాకు దీనిలో నచ్చింది ఒక్కటే, ఒంట్లో నిలవకపోవడం. మూత్రపిండాలు బాగున్న పెద్దవాళ్ల రక్తంలోంచి దాదాపు 2 గంటల్లో సగం దిగిపోతుంది. స్కాన్ చివర్లో పొత్తికడుపు బొమ్మ తీస్తే కళ్లారా చూడొచ్చు: మూత్రాశయంలో అడుగున నల్లటి పొర, దాని మీద తెల్లగా మెరిసే పొర, పైన మామూలు మూత్రం. గాడోలినియం బరువుకి అడుగుకి దిగి, మరీ చిక్కబడ్డ చోట సిగ్నల్ చచ్చిపోతుంది. అది రాయీ కాదు, రక్తపు గడ్డా కాదు.

దెబ్బతిన్నది పసివాళ్ల దగ్గర. కిలోకి 0.2 మి.లీ. చొప్పున 3 కిలోల బిడ్డకి 0.6 మి.లీ. ఒకసారి మందిచ్చాక తీసిన బొమ్మ, ముందు తీసిన బొమ్మ అచ్చం ఒకేలా వచ్చాయి. సిరంజికీ నరంలోని సూదికీ మధ్య ఉండే గొట్టం, ఎక్స్‌టెన్షన్ లైన్‌లో 1.8 మి.లీ. పడుతుంది, వెనక తోసిన సెలైన్ 1 మి.లీ. మందూ సెలైనూ కలిపినా 1.6. అంటే మందు చుక్క కూడా నరంలోకి చేరలేదు, గొట్టంలోనే కూర్చుంది. ఇప్పుడు త్రీవే అనే మూడు దారుల కుళాయిని క్యాన్యులాకి (నరంలో ఉండే సన్న గొట్టానికి) ఆనించి పెట్టి, 1 మి.లీ. సిరంజితో చేత్తోనే ఎక్కించి, 2 మి.లీ. సెలైన్ మెల్లగా తోస్తున్నాం. మార్మోసెట్ లాంటి చిట్టి కోతులకి స్కాన్ చేసేవాళ్లకి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. 400 గ్రాముల ప్రాణికి పడేది 0.08 మి.లీ.; సిరంజి మూతిలో మిగిలేదే లెక్క తప్పిస్తుంది. ఒక వంతు మందుకి నాలుగు వంతుల సెలైన్ కలిపి 0.4 మి.లీ. చేసుకుంటే కొలత చేతికి అందుతుంది.

చిన్న ఒళ్లు గనక మందుని త్వరగా వదిలేస్తుందన్నది సగమే నిజం. ఎదిగిన చిట్టి కోతిలో బరువు లెక్కన మూత్రపిండాల వడపోత మనకంటే జోరు. అప్పుడే పుట్టిన బిడ్డలో అది ఇంకా ఊపందుకోదు. మత్తులో బీపీ పడినా, ఒళ్లు చల్లబడినా కోతిలోనూ నెమ్మదిస్తుంది.

నిలవదన్నాను గానీ, బొత్తిగా కాదు. కాలువ కట్టేశాక కూడా చేలో ఇంకిన నీరు డ్రెయిన్‌లోకి ఊరుతూనే ఉన్నట్టు, ఇంకిన కాస్త మందు ఆలస్యంగా వస్తుంది. ఎముకలో, మెదడులో జాడ మిగలొచ్చు, గాడోలినియాన్ని ఇంత గట్టిగా పట్టి ఉంచని లీనియర్ రకాలకంటే బాగా తక్కువే అయినా. గాడోడయమైడ్ లాంటి లీనియర్ మందుల్ని 2017లో యూరప్ ఆపించింది ఈ జాడల వల్లే.

మా దగ్గరికి డయాలసిస్ వాళ్లు తక్కువ. ఎండల్లో రొయ్యల చెరువుల మీంచి నీరసించి వచ్చేవాళ్లకి మాత్రం క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూశాకే ఎక్కిస్తాం. కిడ్నీ రోగులు రోజూ వచ్చే చోట నా అనుభవం సరిపోకపోవచ్చు. పిల్లలకి వాడేవాళ్లు మాత్రం మందుని మెచ్చుకునేముందో తిట్టేముందో, లైన్‌లో ఎన్ని మి.లీ. పడుతుందో సెలైన్ నింపి చూడండి.