నెల సరుకులు, బిల్లు కౌంటరు

నెల్లూరులో మేము రెండేళ్లుగా నెల సరుకులు తెచ్చుకుంటున్న సూపర్‌మార్కెట్టులో పప్పులు శుభ్రంగా ఉంటాయి, ధరలూ ఫరవాలేదు. నా అభ్యంతరమంతా బిల్లు కౌంటరు గురించే.

కౌంటర్లు 6 ఉన్నా, జీతాలు పడిన తరువాతి ఆదివారం కూడా 3 మాత్రమే తెరుస్తారు. అయితే వరుస కదలకపోవడానికి అసలు కారణం విడి సరుకుల తూకం. కూరగాయలను ముందే కాటా దగ్గర తూయించి స్టిక్కరు అంటించుకుని రావాలన్న బోర్డు ఎక్కడా లేదు. మా ముందున్న పెద్దాయన వంకాయలను తూయించకుండా తెచ్చినందుకు, ఒక కుర్రాడు వాటిని పట్టుకుని వెనక్కి పరుగెత్తి వచ్చేదాకా అందరమూ నిలబడ్డాము. నా కొత్తిమీర కవరుకు స్టిక్కరు ఉంది గానీ, అది తడికి ముడతలు పడటంతో స్కానరు చదవలేదు. కౌంటరులోని అమ్మాయి దాన్ని చున్నీ అంచుతో తుడిచి చూసి, చివరికి గీతల కింది 13 అంకెలనూ ఒక్కొక్కటిగా కొట్టింది. వాటిలో చివరి అంకె మిగతావాటిని సరిచూడటానికే ఉంటుంది గనుక ఎక్కడ ఒక్క అంకె తప్పినా యంత్రం ఒప్పుకోదు. రెండోసారికి గానీ తీసుకోలేదు.

బియ్యం బస్తాను బండిలోనే ఉంచి చేతి స్కానరుతో చదవడం మాత్రం బాగుంది. 2022 జూలై నుంచి 25 కిలోల వరకు లేబులు వేసిన బస్తాలకు 5 శాతం జీఎస్టీ పెట్టడంతో 26 కిలోల బస్తాలు వచ్చాయి. ఆ అదనపు కిలో సంగతి మా అత్తగారికి ఇప్పటికీ నమ్మకం కుదరదు.

కందిపప్పుకు అరమీద రూ. 12 తగ్గింపు చీటీ ఉండగా బిల్లులో పూర్తి ధర పడింది. సూపర్‌వైజరు వచ్చి తన కార్డు గీస్తే తప్ప బిల్లులో ఒక్క వరుస కూడా చెరపలేరట. డబ్బు వ్యవహారంలో ఆ కట్టుబాటు ఉండవలసిందే గానీ, ఆ సమయంలో ఆయన గోదాములో ఉన్నారు.

ఇక ఫోను నంబరు చెప్పనిదే బిల్లు రాదన్నారు. నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వర్తకులకు సూచించిందని చెప్పగానే, ఆ అమ్మాయి పది సున్నాలు కొట్టి బిల్లు తీసింది.

పప్పుల కోసం మళ్లీ అక్కడికే వెళ్తాము. మీరూ వెళ్లేటట్టయితే, కాటా ఉల్లిపాయల బుట్టల వెనుక ఉంటుంది.