పాత సామాన్ల చారిటీ షాపు: నాలుగేళ్ళు ఇచ్చీ కొనీ రాస్తున్న రివ్యూ

నాలుగేళ్ళ నుంచి ఈ షాపుకి ఇస్తున్నాను, ఇక్కడే కొంటున్నాను కూడా, అందుకని రెండు వైపులా రాస్తాను. పేరు రాయట్లేదు, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. మన వైజాగ్‌లో మద్దిలపాలెం చుట్టుపక్కలవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. ఒక ట్రస్టు వాళ్ళది, మనం ఇచ్చిన బట్టలు, గిన్నెలు, పుస్తకాలు తక్కువ రేటుకి అమ్మి ఆ డబ్బులతో పిల్లలకి స్కూలు ఫీజులు కడతారు.

మొదటిసారి ఇవ్వడానికెళ్ళినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. మూడు పెద్ద సంచులు ఆటోలో వేసుకుని వెళ్ళాను, ఆటోకే నూటిరవై. అక్కడ ఒక పెద్దావిడ కూర్చుని ఒక్కోటీ తీసి, వెలుతురుకి పట్టి చూసి, చంకల దగ్గర చూసి, జిప్పు రెండుసార్లు పైకీ కిందకీ లాగి, సగానికి సగం మళ్ళీ నా సంచిలోనే కుక్కేసింది. "ఏటమ్మా, ఇది మీరు తొడుక్కుంటారేటి?" అంది. ఊరికే ఇస్తుంటే ఈవిడ వంకలేంటి అనుకున్నా. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ మా వీధిలోకి వస్తుంది కదా, ఐదు చీరలకి ఒక చిన్న గిన్నె ఇవ్వడానికి గంట బేరం, ఆవిడ కూడా ఇంత చూడదు.

కొనడం మొదలెట్టాక తెలిసింది ఆ జిప్పు ఎందుకు లాగిందో. సముద్రపు గాలికి మనూళ్ళో బీరువాలో పెట్టిన జిప్పులు కూడా తుప్పు పట్టేస్తాయి, ఇంటికెళ్ళాక గానీ మనకి తెలీదు. ఇక్కడ కొన్నవాటిలో గుండీ ఊడినవీ, చిరుగున్నవీ నాకు రెండంటే రెండే తగిలాయి. హుద్‌హుద్ తుఫాను, 2014 అక్టోబరు 12, ఆ తర్వాత మా వీధి చివర పంచడానికి తెచ్చి పడేసిన మూటలు ఇంకా గుర్తే, చిరిగిన లంగాలు, వాడేసిన లోపలి బట్టలు అన్నీ కలిపి కట్టేసారు, ముట్టుకున్నవాళ్ళు లేరు, వానకి నాని కంపు కొట్టి ఆఖరికి చెత్త బండిలోకి ఎక్కాయి. కాబట్టి ఆ పెద్దావిడ తిప్పి పంపితే కోపం తెచ్చుకోకండి.

ఇచ్చేవాళ్ళు ఒకటి చూసుకోండి, వానాకాలంలో సగం ఆరినవి ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇవ్వద్దు, రెండు రోజుల్లో బూజు, పక్క మూటకి కూడా అంటుకుంటుంది. ట్యాక్స్ రసీదు అడిగేవాళ్ళకి, బట్టలూ సామాన్లూ ఇస్తే 80జీ, అంటే విరాళాలకిచ్చే ట్యాక్స్ మినహాయింపు, రాదు, డబ్బుగా ఇస్తేనే, అది కూడా నోట్లయితే 2000 వరకే, ఆ పైన చెక్కో ఆన్‌లైనో. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఉంటే అదీ లేదు. ఈ ముక్క కౌంటర్లో అమ్మాయే ముందు చెప్పింది, నాకు నచ్చింది. మా అత్తగారైతే శుక్రవారం ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదంటారు, అందుకని నా మూటలన్నీ శనివారమే వెళ్తాయి, ఆరోజు అక్కడ లైను చూస్తే మా అత్తగార్లాంటివాళ్ళు ఊర్లో చాలామందే ఉన్నట్టున్నారు.

ఇక కొనడానికి ఏది బావుంటుందంటే స్వెటర్లు. వైజాగ్‌లో స్వెటరేంటి అనుకుంటారు, అందుకే చవక. అమెరికా పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళు ఇచ్చేస్తారు, మందపాటి జాకెట్టు నూట యాభై. డిసెంబర్‌లో లంబసింగి, అరకు వెళ్ళే కుర్రాళ్ళు వచ్చి ఊడ్చేస్తారు కాబట్టి అక్టోబర్‌లోనే వెళ్ళండి. హాస్టల్ పిల్లలు ఇంటర్వ్యూలకి షర్టులు కొంటారు, యాభై రూపాయలు, ఇస్త్రీ మనదే. ట్రయల్ రూమ్ లేదు, అద్దం ఒకటుంది గానీ నడుం దాకే.

మిక్సీలు, ఐరన్ బాక్సులు మాత్రం ముట్టుకోవద్దు. మూడొందల యాభైకి మిక్సీ తెచ్చాను, షాపులో ఒకటే ప్లగ్గు, అందులో ఫ్యాను పెట్టుకున్నారు, చెక్ చేసుకునే దారి లేదు. ఇంటికొచ్చి చట్నీ వేస్తే కింద నుంచి నల్లటి నీళ్ళు, బుష్ అరిగిపోయింది. వెనక్కి ఇస్తే తీసుకోం అన్నారు.

పట్టుచీర సంగతి ఇంకో బాధ. నా పెళ్ళి నాటిది ఇచ్చాను, ఎవరో పేదింటి అమ్మాయి పెళ్ళికి కట్టుకుంటుందని మనసులో ఏదో ఊహించుకుని. నెలల తరబడి చూసాను, ర్యాకులోకి రాలేదు. అడిగితే జరీ కొనేవాళ్ళకి ఇచ్చేసామండీ, ఎక్కువ డబ్బులొస్తాయి అన్నారు. ఫీజులకే కదా పోయింది, తప్పని అనను, కానీ తీసుకునేటప్పుడే చెప్పాలి కదా.

స్టీలు సామాను మీద ఇంకా పేర్లుంటాయి. ఫలానావారి గృహప్రవేశం అని, తేదీతో సహా. ఒకసారి కింద అరలో మా అమ్మ డబ్బా కనిపించింది, పేరులో ఒత్తు తప్పు చెక్కాడు అప్పట్లో, అందుకని చూడగానే తెలిసింది. మా ఆయన అటక సర్దుతూ పాత కుక్కర్‌తో కలిపి ఇచ్చేసారంట. మాదే అని చెప్పాను. "ఆంటీ, డెబ్బై" అంది ఆ అమ్మాయి, స్టిక్కర్ చూపించి. నవ్వాలో ఏడవాలో తెలీక ఇచ్చేసాను. కవర్‌కి ఐదు వేరే.

ఒక్క కంప్లయింట్ గట్టిగా చెప్పాలి. గోడకి నల్లబోర్డు ఉండేది, నెలకి ఎంత అమ్మారు, ఎంతమందికి ఫీజు కట్టారు అని సుద్దతో రాసేవారు, దాన్ని చూసే నాకు నమ్మకం కుదిరింది. పోయినేడాది జులై తర్వాత రాయడం మానేసారు. మూడుసార్లు అడిగాను. మూడోసారి చాక్‌పీసులు అయిపోయాయి మేడమ్ అన్నారు. సరేనని మర్నాడు ఒక డబ్బా కొని తీసుకెళ్ళాను. తీసుకుని, చాక్‌పీసులు ఒక డబ్బా అని నీట్‌గా రసీదు రాసిచ్చారు. బోర్డు మీద ఇంకా జులైయే ఉంది.