మాట్లాడే షుగర్ మిషన్: రెండేళ్లు వాడాక

షుగర్ వల్ల నా చూపు పోయి ఆరేళ్లు. రోజూ పొద్దున్నే పరగడుపున వేలు పొడుచుకోవడం నా వంతు, అంకె చదివి చెప్పడం మా ఆవిడ వంతు. 190 వచ్చినా 150 అని చెప్పేదట. "పొద్దున్నే మీకు టెన్షన్ ఎందుకని" అంది, దొరికిపోయాక. మాట్లాడే మిషన్ కొన్నది అందుకే. దీనికి నా మీద జాలి లేదు, ఉన్నదున్నట్టు గట్టిగా చెప్పేస్తుంది. ముందురోజు తిన్న లడ్డూ సంగతి ఇల్లంతా తెలిసిపోతుంది, అది వేరే విషయం. తెలుగు రాదు, ఇంగ్లీషే. అంకెలే కదా, సర్దుకుపోయాను.

నిరుడు దసరా ముందు బ్యాటరీలు అయిపోతే స్ప్రింగు వైపు తడుముకుని నేనే మార్చాను. గొప్పగా అనిపించింది. మర్నాడు పొద్దున "సెవెన్ పాయింట్ ఎయిట్" అంది. గుండె జారిపోయింది. 70 కంటే తగ్గితేనే జాగ్రత్త పడమంటారు, ఏడేమిటి? చెమట లేదు, వణుకు లేదు. అయినా మా ఆవిడ గ్లాసెడు పంచదార నీళ్లు పట్టించింది. అరగంటకి "టెన్ పాయింట్ త్రీ".

కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, "స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది సార్?" అంది. ఏం చెప్పను! చివరికి లండన్‌లో ఉన్న మా అమ్మాయి తేల్చింది. "నాన్నా, ఇక్కడ అందరికీ అలాగే చెప్తారు. 18తో గుణించు." అంటే నా షుగర్ 140. దానికి పంచదార నీళ్లు! బ్యాటరీ తీసినప్పుడు సెట్టింగు మారి, మన దగ్గర చెప్పే మిల్లీగ్రాముల లెక్క బదులు అక్కడి మిల్లీమోల్స్ లెక్క వచ్చింది. ఆ సంగతి స్క్రీన్ మీద చిన్న అక్షరాల్లో ఉందట. నోటితో మాత్రం చెప్పదు. చూపులేనివాళ్ల కోసం చేసిన మిషన్! సెట్టింగుల్లోకి వెళ్తే అసలు నోరే విప్పదు, మళ్లీ మా ఆవిడే కూర్చుని మార్చింది. రక్తం చుక్క తగిలించే స్ట్రిప్పుల డబ్బా మీది ఎక్స్‌పైరీ తేదీ చదవడానికీ ఆవిడే కావాలి.

ఇంకోటి, నా వేళ్లకు ఇంకా స్పర్శ ఉంది. అయినా చుక్కని స్ట్రిప్ కొసకి తగిలించడం చేతనయ్యేసరికి మొదటి నెల సగం స్ట్రిప్పులు పాడుచేశాను. షుగర్‌తో వేళ్లు మొద్దుబారినవాళ్లకు, ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్లకు కొనమని చెప్పలేను. నేనైతే రోజూ దీంతోనే చూసుకుంటున్నాను. కాకపోతే మా ఆవిడ ఊళ్లో లేనప్పుడు బ్యాటరీల జోలికి పోను.