మూడు తరాలతో అరకు: రైలు, గుహలు, వేడినీళ్ళు, ఒక పాలపన్ను

నాన్నగారు ఉపాధ్యాయ ఉద్యోగం నుంచి విరమణ పొందిన ఏడాదిలోనే ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా వెళ్ళి రావాలని అమ్మ పట్టుబట్టింది. ఆయన ఉద్యోగకాలంలో వేసవి సెలవులన్నీ జవాబుపత్రాలు దిద్దడానికీ, ఎన్నికల విధులకూ, చెల్లెళ్ళ పెళ్ళి పనులకూ సరిపోయాయి. తిరుమల, అన్నవరం తప్ప అమ్మ చూసిన దూరపు ఊళ్ళు లేవు. అందుకని కార్తీకమాసంలో, వలిసె పూలు కొండవాలులన్నీ పసుపు పరిచినట్లు పూసే నవంబరులో, తెనాలి నుంచి విశాఖపట్నం మీదుగా అరకు వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. అమ్మా నాన్నగారూ, నేనూ మా ఆవిడా, పదేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి కలిసి ఆరుగురం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అబ్బాయికి గంటగంటకూ ఆకలి. కాబట్టి ఏ చోటైనా, ఏ గదైనా ఈ ఇద్దరికీ అనుకూలమా కాదా అన్నదే మాకు మొదటి ప్రశ్న అయింది. ఇలాగే పెద్దవాళ్ళనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్ళేవారికి పనికి వస్తుందని మా అనుభవాన్ని రాస్తున్నాను.

విశాఖలో ఉదయం ఏడు గంటలలోపే బయలుదేరే కిరండూల్ రైలుకు టిక్కెట్లు తీసుకున్నాం. 2017లో ఈ మార్గంలో ప్రవేశపెట్టిన అద్దాల పెట్టెలో మాకు నాలుగు సీట్లే దొరికాయి. పెద్దవాళ్ళనూ పిల్లలనూ అందులో కూర్చోబెట్టి, మేమిద్దరం మామూలు పెట్టెలో ఎక్కాం. దానివల్ల రెండింటినీ పోల్చి చూసే అవకాశం కలిగింది. అద్దాల పెట్టెలో సీటును కిటికీ వైపు తిప్పుకోవచ్చు, పైకప్పు అద్దంలోంచి కొండ కొమ్ము కనిపిస్తుంది, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది. నాలుగు గంటల ప్రయాణంలో అమ్మ ఒక్కసారి కూడా కాలు నొప్పి అనలేదు. మామూలు పెట్టెలో ఇరుకు ఎక్కువే అయినా కిటికీలోంచి కొండగాలి ముఖానికి కొడుతుంది, ఉడకబెట్టిన వేరుశనక్కాయలూ జామకాయలూ చేతికి అందుతాయి. డబ్బు తేడా గట్టిగానే ఉంది కనుక, వయసులో ఉన్నవాళ్ళు మామూలు పెట్టెలో వెళ్ళినా నష్టపోయేది ఏమీ లేదని నా అభిప్రాయం. పెద్దవాళ్ళకు మాత్రం ముందుగానే అద్దాల పెట్టెలో సీట్లు చూసుకోవాలి.

కొత్తవలస దగ్గర విడిపోయే ఈ మార్గాన్ని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో వేశారు. యాత్రికుల కోసం వేసినది కాకపోయినా ఇంత అందమైన రైలుదారి మన రాష్ట్రంలో మరొకటి లేదని అక్కడ కూర్చున్నప్పుడు నమ్మకంగా అనిపించింది. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలవుతాయి. తాతయ్యా మనవరాలూ చేతిపుస్తకంలో ఒక్కో సొరంగానికి ఒక్కో గీత గీస్తూ, అయిదు గీతలకొక కట్ట కడుతూ వచ్చారు. బొర్రా గుహలు స్టేషను వచ్చేసరికి మా అమ్మాయి లెక్కకూ ఆయన లెక్కకూ రెండు తేడా వచ్చింది. ఎవరిది సరైనదో తేల్చుకోవడానికి ఇద్దరూ అరకు దాకా వాదించుకున్నారు. పదవీవిరమణ తరువాత నాన్నగారు అంత ఉత్సాహంగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. ఆ దారిలోనే ఉన్న శిమిలిగూడ 996 మీటర్ల ఎత్తున ఉన్నదనీ, బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయినదిగా పేరుపొందిందనీ చెప్పి, బడిలో లాగానే ఆ అంకెను మనవడి చేత రెండుసార్లు పలికించారు.

బస విషయంలో మాత్రం ఇబ్బంది పడ్డాం. కింది అంతస్తులో రెండు గదులు కావాలని డబ్బు కట్టేటప్పుడే చెప్పి, మళ్ళీ ఫోనులో కూడా గుర్తుచేసినా, తీరా వెళ్ళాక మొదటి అంతస్తు గదుల తాళాలు చేతిలో పెట్టారు. లిఫ్టు లేదు. అమ్మ మెట్ల దగ్గరే కూర్చుండిపోయింది. గంటసేపు మాట్లాడితే కింద ఒక గది దొరికింది. అంతకంటే పెద్ద లోపం వేడినీళ్ళు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే వస్తాయన్న సంగతి రాత్రి దాకా ఎవరూ చెప్పలేదు. మరునాడు కార్తీక సోమవారం. అమ్మ తెల్లవారక ముందే తలస్నానం చేసి దీపం పెట్టాలి. బయట చలి ఎముకలు కొరుకుతోంది. వంటశాలలో పనిచేసే కుర్రవాడు, చుట్టుపక్కల గూడేనికి చెందినవాడు, ఈ మాట విని, నాలుగున్నరకే లేచి, కట్టెల పొయ్యి మీద గుండిగెడు నీళ్ళు కాచి, రెండు బకెట్లలో పోసి గది గుమ్మం దగ్గర పెట్టాడు. నీళ్ళకు పొగ వాసన ఉంది. అమ్మ ఆ నీళ్ళతోనే స్నానం చేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉసిరికాయ మీద ఆవునేతి వత్తి వెలిగించి వసారాలో పెట్టింది. ఆ కుర్రవాడు కూడా వచ్చి దణ్ణం పెట్టుకున్నాడు. యాజమాన్యం మాట తప్పింది కానీ, ఆ అబ్బాయి చేసిన సహాయానికి మేమంతా ఋణపడి ఉన్నాం. గది తీసుకునేటప్పుడు మంచాలూ టీవీ గురించి కాక, వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయో, మెట్లు ఎన్ని ఉన్నాయో ముందే అడిగి తెలుసుకోవాలి.

భోజనాల దగ్గర కూడా కార్తీకమాసం మమ్మల్ని కట్టిపడేసింది. దారి పొడుగునా బొంగులో చికెన్ కాలుస్తున్నా ఇంట్లో నియమం ఉంది కనుక తినలేదు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా పప్పూ కూరా వండిపెట్టమంటే ఒక చిన్న భోజనశాలవారు విసుక్కోకుండా వండి పెట్టారు; ధర కూడా న్యాయంగానే తీసుకున్నారు.

గిరిజన మ్యూజియం చిన్నదే, గంటలో అయిపోతుంది. అక్కడి ధింసా నృత్యపు బొమ్మల వరుసను పిల్లలు ఇష్టంగా చూశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన పద్మాపురం తోటలో నడక సమతలంగా ఉండడం వల్ల అమ్మ హాయిగా తిరిగింది. చాపరాయి దగ్గర నీళ్ళు రాతి పలక మీద పల్చగా జారుతుంటాయి. చూడటానికి ప్రమాదం లేనట్టే కనిపించినా, రాయి పాకుడు పట్టి ఉంది. పిల్లల చెయ్యి వదలకూడదు.

దిగేటప్పుడు కారులో ఘాట్‌రోడ్డు మీద వచ్చాం. మలుపులకు అమ్మాయికి మూడుసార్లు వాంతి అయింది. డ్రైవరుగారు అడగకముందే బండి ఆపి, నిమ్మకాయ కోసి ఇచ్చి, పిల్ల తేరుకునే దాకా వేచి ఉన్నారు. అనంతగిరి దగ్గర కాఫీ తోటలో ఆగాం. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని, వాటి నీడన కాఫీ మొక్కల నిండా ఎర్రటి పళ్ళు ఉన్నాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ అరబికా కాఫీని చికోరీ లేకుండా తాగిన నాన్నగారు, ముప్పై ఏళ్ళుగా తాను తాగుతున్నది వేరే పానీయమని తేల్చి, పావుకిలో పొడి కొనిపించారు.

బొర్రా గుహలను చూడకుండా రావడం పొరపాటే అవుతుంది. అలాగని మోకాళ్ళ నొప్పులున్నవారిని లోపలికి దించడమూ పొరపాటే. సున్నపురాయిని నీరు యుగాల తరబడి కరిగించి తొలిచిన గుహ అది. గోడల మీద తడి మెరుస్తూ ఉంటుంది, పైనుంచి వేలాడే సున్నపు కొనల చివర ఒక్కో నీటిబొట్టు ఆగి, బరువెక్కి, కింద లేస్తున్న మొలక మీద పడుతుంది. మా అమ్మాయి ఒక బొట్టు పడేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. లోపలి శివలింగం దాకా వెళ్ళాలంటే తడిసిన మెట్లు చాలానే ఎక్కి దిగాలి. అమ్మ మొదటి మలుపు వరకూ వచ్చి, అక్కడి నుంచే చేతులు జోడించి వెనక్కి వెళ్ళింది. పైకప్పులోని కన్నంలోంచి ఆవు జారిపడితే, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పశువులకాపరి లింగాన్ని చూశాడన్న కథను ఆమెకు నేను బయటికి వచ్చాక చెప్పాను.

అక్కడే, గుహ బయట మొక్కజొన్న కంకి కొరుకుతుండగా, వారం రోజులుగా ఊగుతున్న అబ్బాయి ముందుపన్ను ఊడి చేతిలో పడింది. వాడికి అదే మొదటి పన్ను. నెత్తురు చూసి ఏడవబోయిన వాణ్ణి నాయనమ్మ ఒడిలోకి తీసుకుని, పన్నును కుంకుమ పొట్లంలో చుట్టి, కొంగున ముడివేసుకుంది. విశాఖ సముద్రతీరంలో కురుసుర జలాంతర్గామిని చూసేటప్పుడు కూడా ఆ ముడి విప్పలేదు. జలాంతర్గామిలో గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి దూరాలి కనుక అమ్మ బయటే ఉండిపోయింది. నాన్నగారూ పిల్లలూ మాత్రం లోపల ప్రతి చక్రాన్నీ, ప్రతి మీటనూ వివరం అడిగి తెలుసుకున్నారు.

తెనాలి చేరిన మరునాడు పొద్దున్నే అమ్మ పక్క వీధి నుంచి పిడికెడు పేడ తెచ్చి, పన్నును అందులో అదిమి, మనవడి చేతికి ఇచ్చింది. వాడు పెరట్లో నిలబడి, వంటింటి పెంకుల మీదికి బలంగా విసిరాడు. మొదటిసారి చూరుకు తగిలి కింద పడింది. రెండోసారి తాతయ్య ఎత్తుకుంటే, పైకి చేరి పెంకుల మధ్య నిలిచింది.