వంటింటి త్రాసుతో మూడేళ్లు: తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా అది చేసిన సాయం

నేను 76 కిలోల నుంచి 63 కిలోలకు తగ్గడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ తరువాత మూడేళ్లుగా నా బరువు 62కూ 65కూ మధ్యనే ఉంటోంది. తగ్గడానికి నడక, వైద్యుల సలహా, ఇంట్లోవాళ్ల సహకారం అన్నీ తోడ్పడ్డాయి. తగ్గినది నిలబడటానికి మాత్రం నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చినవి, సుమారు ఆరువందల రూపాయలకు కొన్న చిన్న డిజిటల్ త్రాసు, దాని పక్కన పెట్టుకున్న ఒక నోటుపుస్తకం. ఇలాంటి త్రాసు కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

మాది తెనాలి. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి చేరి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని జవాబుపత్రాలు దిద్దడానికి కూర్చుంటే, కుడిచేతిలో ఎర్ర కలం, ఎడమచేతి అందుబాటులో జంతికల డబ్బా ఉండటం ఇరవై ఏళ్ల అలవాటు. "నేను తినేది రెండు జంతికలే" అని ఎన్నాళ్లో నిజంగానే నమ్మాను. త్రాసు వచ్చిన రోజున దాని మీద ఖాళీ గిన్నె పెట్టి, సున్నా మీట నొక్కి, మామూలుగా తీసుకునే గుప్పెడు జంతికలు అందులో వేస్తే 46 గ్రాములని చూపింది. ఆ కట్ట పత్రాలు దిద్దడం ముగిసేలోపు అలాంటి గుప్పెళ్లు మూడు అయ్యాయి. నూనెలో వేగిన పిండివంట నూరు గ్రాములంటే సుమారు 500 కేలరీలు. నా రాత్రి భోజనం మొత్తం కలిపినా అంత ఉండదు. ఎవరెన్ని చెప్పినా కలగని మెలకువ ఆ అంకె చూశాక కలిగింది.

ఆ వారమంతా ఏం తిన్నానో, ఎన్ని గంటలకు, ఎక్కడ కూర్చుని తిన్నానో రాసుకున్నాను. ఆకలి వేసి తిన్న సందర్భాలు చాలా తక్కువని పుస్తకమే చెప్పింది. టీ, కుర్చీ, ఎర్ర కలం ఈ మూడూ ఒకచోట చేరితే చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళ్లేది. అందుకని చిరుతిండిని పూర్తిగా మానకుండా దానికొక వేళ, ఒక చోటు ఏర్పరచుకున్నాను. అయిదు గంటలకు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తూచిన 30 గ్రాముల వేయించిన శనగలు, ఒక గ్లాసు పలుచని మజ్జిగ తీసుకున్న తరువాతే పత్రాలు ముట్టుకుంటాను. శనగలు ఆ కొలతకు సుమారు 110 కేలరీలు. నమలడానికి సమయం పడుతుంది, మాంసకృత్తులూ పీచూ ఉండటం వల్ల ఎనిమిదింటిదాకా ఆకలి వెయ్యదు. వేరుశనగపప్పు విషయంలో మాత్రం త్రాసు తప్పనిసరి. కంటి అంచనాతో 25 గ్రాములనుకుని తీస్తే నాకు ఎప్పుడూ 40కి తగ్గలేదు.

కొత్త అలవాటు స్థిరపడటానికి ఎన్నాళ్లు పడుతుందన్న దానిపై లండన్ పరిశోధకులు చేసిన ఒక అధ్యయనంలో సగటు 66 రోజులని తేలినా, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. నాకు సాయంత్రపు అలవాటు మూడు నెలల్లో కుదిరితే, రాత్రి భోజనం తరువాత ఏదో ఒకటి నోట్లో వేసుకునే అలవాటు వదలడానికి ఏడాది దాటింది. బరువు తగ్గినవారిలో ఆకలిని పెంచే గ్రెలిన్ అనే హార్మోను ఏడాది తరువాత కూడా ఎక్కువగానే ఉందని 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం చూపింది. ఈ సంగతి తెలిశాక, నాలో నిగ్రహం లేదని నన్ను నేను తిట్టుకోవడం మానేశాను.

అన్నిటికంటే కష్టమైన కాలం సంక్రాంతి అని అందరూ అనుకుంటారు. నిజమే, రెండో ఏడు పండుగకు అరిసెలూ చేగోడీలూ తిని తొమ్మిది రోజుల్లో 2.4 కిలోలు పెరిగాను. కానీ అందులో చాలాభాగం ఉప్పు వల్ల ఒంట్లో నిలిచిన నీరు కావడంతో వారంలోనే పోయింది. నన్ను అసలు ఇబ్బంది పెట్టినవి వేసవి సెలవులు. బడి గంటలు లేకపోయేసరికి అయిదు గంటల వేళకు అర్థం లేకుండా పోయి, పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి వంటింట్లోకి వెళ్లడం మొదలైంది. అప్పటి నుంచి సెలవుల్లో పదకొండింటికి ఒక జామకాయో పుచ్చకాయ ముక్కలో ముందే రాసిపెట్టుకుంటున్నాను.

ఇక లోపాలు. మొదటి త్రాసును పొయ్యి పక్కన పెట్టడం వల్ల ఆవిరి పట్టి పద్నాలుగో నెలలో అంకెలు మసకబారాయి, అమ్మినవారు మార్చి ఇవ్వలేదు. ఇప్పటిది అలమరలో ఉంటుంది. తాలింపుకు పోసే నూనెలాంటి కొద్దిపాటి బరువులను ఈ త్రాసులు సరిగా చూపవు. పదిమందికి వండిన కూరలో మన వాటా లెక్కగట్టడం కూడా శ్రమే. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పదో తరగతి చదివే మా అమ్మాయి ఒకరోజు తన అన్నం తూచుకుంటూ కనిపించింది. ఎదిగే వయసులో ఆ లెక్కలు అక్కర్లేదని కూర్చోబెట్టి చెప్పి, ఆ రోజు నుంచి దాని ఎదుట త్రాసు తీయడం మానేశాను. ఇంట్లో పిల్లలుంటే ఈ జాగ్రత్త తప్పదు. మధుమేహానికి ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా చిరుతిండి వేళలు మార్చకూడదు, చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

మొదటి ఏడాది అన్నీ తూచాను. ఇప్పుడు వేయించిన పిండివంటలనూ పప్పుగింజలనూ మాత్రమే తూస్తున్నాను. "రెండు తింటే ఏమవుతుందమ్మా" అని మొదట నొచ్చుకున్న మా అత్తయ్యగారే ఇప్పుడు జంతికల డబ్బాను తన గదిలో దాచి, ఆదివారం సాయంత్రం గిన్నెలో వేసి తెచ్చి ఇస్తారు. ఆవిడ చేతి కొలత మొన్న తూస్తే సరిగ్గా 30 గ్రాములుంది.