మూడేళ్ల హాజరు సందేశాలు: ఒక క్లాస్ టీచరు అనుభవం

హైదరాబాదులోని ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచరుగా ఉంటూ, బడికి రాని పిల్లల ఇళ్లకు ఫోన్ సందేశాలు పంపే ఏర్పాటును మూడు విద్యా సంవత్సరాలుగా వాడుతున్నాను. మా పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది తాపీ పనికి, అపార్ట్‌మెంట్లలో ఇంటి పనికి తెల్లవారగానే బయలుదేరేవారు కాబట్టి, పిల్లలు బడికి వెళ్లారో లేదో సాయంత్రం దాకా వారికి తెలిసేది కాదు.

మొదటి ఏడాది ఫలితం దాదాపు శూన్యం. ‘యువర్ వార్డ్ ఈజ్ యాబ్సెంట్ టుడే’ (ఇక్కడ వార్డ్ అంటే మీ సంరక్షణలోని పిల్ల లేదా పిల్లవాడు) అన్న ఇంగ్లిషు సందేశం బ్యాంకు, రీఛార్జి సందేశాల మధ్య కలిసిపోయేది. తెలుగులో పంపమని అడిగితే, సేవ అందించే సంస్థ ‘మీ వార్డు ఈ రోజు గైర్హాజరు’ అని మార్చింది. అది మున్సిపల్ వార్డు గురించి వచ్చిన కబురనుకున్నామని ఇద్దరు తల్లులు నాతో అన్నారు. వెంటనే సరిచేద్దామంటే కుదరదు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం సందేశపు నమూనాను ముందే నమోదు చేయించాలి. ఆ తర్వాత ఖాళీల్లో నింపే పేరు, తేదీ, అంకెలు తప్ప మరేదీ మార్చడానికి వీల్లేదు. పైగా ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిషు అక్షరాలు 160 పడితే తెలుగువి 70 మాత్రమే పడతాయి, అందులోనూ గుణింతపు గుర్తులు విడిగా లెక్కకొస్తాయి.

రెండో ఏడాది నేనే కూర్చుని రాసిన వాక్యం ఇది: ‘ఈ నెలలో మీ పాప 5 రోజులు బడికి రాలేదు.’ ఇది ప్రతి శనివారం సాయంత్రం వెళ్తుంది. అసలు మార్పు దీనితోనే వచ్చింది. మా తరగతిలో ఒక అమ్మాయి, నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో, బిందెలు నింపడానికి ఇంట్లో ఆగిపోయేది. సందేశం చూసుకుని వచ్చిన తల్లి, ‘అప్పుడో రోజు ఇప్పుడో రోజు అనుకున్నాం మేడం, ఏడు రోజులని ఈ అంకె చూసేదాకా తెలియలేదు’ అన్నది. ఆ తర్వాత నీళ్లు పట్టే పని పక్కింటి ఆమెతో వంతు వేసుకున్నారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో టాడ్ రోజర్స్, ఆవీ ఫెల్లర్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. పిల్లలు మొత్తం ఎన్ని రోజులు మానేశారో తెలిపే ఉత్తరాలు పంపినప్పుడు, దీర్ఘకాలిక గైర్హాజరు పది శాతం, అంతకు మించి తగ్గిందని అది చూపింది. అక్కడ వెళ్లినవి ఉత్తరాలే అయినా, తల్లిదండ్రులు పిల్లల సెలవులను తక్కువగా అంచనా వేస్తారన్న మాట మా బస్తీకీ సరిపోయింది.

ఈ ఏర్పాటులో నన్ను బాధించిన తప్పు ఒకటుంది. ఆలస్యంగా వచ్చిన ఒక బాబు హాజరును నేను యాప్‌లో సరిదిద్దినా, సంస్థ వ్యవస్థ పాత వివరమే పంపింది. కొడుకు ఏమయ్యాడోనని తండ్రి సగం పనిలో సైట్ దిగి పరుగెత్తుకొచ్చాడు, ఆ రోజు కూలీ పోయింది. అప్పటి నుంచి రెండో పీరియడ్ ముగిసి, హాజరు పట్టీ మరోసారి సరిచూసుకున్నాకే రోజువారీ సందేశం పంపుతున్నాను.

సంస్థ పేరుతో వెళ్లే ఈ సందేశాలకు తిరిగి జవాబు పంపే వీలు లేదు, కనుక మూడు రోజులు దాటితే నేనే ఫోన్ చేస్తాను. ఉర్దూ మాట్లాడే ఇళ్లకు మొదటి రోజే చేస్తాను. తండ్రి ఫోన్ పనిచోట ఉంటుంది, రీఛార్జి అయిపోతే సిమ్ కూడా మారిపోతుంది. అందుకే జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకసారి, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లొచ్చాక మరోసారి, తల్లి నంబరు అడిగి పట్టీలో రాసుకుంటున్నాను.