ట్రైపాడ్ మాటెలా ఉన్నా రిమోట్ మాత్రం బంగారం

సెల్ఫీ స్టిక్‌లా సాగి, కింద మూడు కాళ్లు విచ్చుకునే ఫోన్ ట్రైపాడ్‌లు అందరూ చూసినవే. పొడవు, బరువు జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది దాని పిడిలోంచి ఊడివచ్చే బ్లూటూత్ రిమోట్ గురించి. బొటనవేలంత ఉంటుంది, ఒక్కటే బటన్. పెళ్లిరోజుకు ఎక్కడికెళ్లినా మా ఇద్దరి ఫొటోలు ఇప్పుడు దాంతోనే.

అంతకుముందు దారిన పోయేవాళ్లకు ఫోన్ ఇచ్చి "అన్నా, ఒక్క ఫొటో" అని అడిగేవాళ్లం. పాపం, తీసిపెట్టేవాళ్లు. కానీ కొత్త మనిషి ఎదురుగా ఉంటే మా ఆవిడ బిగుసుకుపోతుంది. టైమర్ పెడితే పది సెకన్లలో పరుగెత్తుకొచ్చి నిలబడాలి, ఆ టెన్షన్ అంతా నా ముఖంలోనే ఉండేది.

గండికోటలో పెన్న లోయ అంచుకు బాగా ఇవతల ఒక బండ మీద కూర్చున్నాం. అప్పుడే పొద్దెక్కుతోంది. తను పట్టుచీరలో ఉంది. కోటలోంచి నడిచొచ్చేసరికి చీర అంచు నిండా ముళ్లగడ్డి గింజలు పట్టుకున్నాయి. జరీ పోగు లేవకుండా నేను వంగి ఒక్కొక్కటే తీస్తున్నాను. రిమోట్ తన గుప్పిట్లో ఉంది, నాకు చెప్పకుండా నొక్కుతూనే ఉంది. గదికొచ్చి చూసుకుంటే వరసగా అవే. ఒకదాంట్లో ముల్లు గుచ్చుకుని నేను వేలు విదిలిస్తున్నాను. ఇంకోదాంట్లో తను కుచ్చిళ్లు కాస్త ఎత్తి, ఇంకా ఎక్కడున్నాయో చూపిస్తోంది. వెనక ఎర్రటి రాతి గోడలు. మా పెళ్లి ఆల్బం మొత్తంలో మేం ఇంత మామూలుగా, ఇంత దగ్గరగా ఉన్న ఫొటో లేదు. ముఖాలు సరిగా కనబడటం లేదని మా అత్తగారికి నచ్చలేదు గానీ, మేం హాల్లో ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నది దాన్నే.

బంగారం అన్నాను కదా, చిక్కులు లేకపోలేదు. ఈ రిమోట్ చేసేదల్లా ఫోన్‌కి వాల్యూమ్ బటన్ నొక్కినట్టు కబురు పంపడమే. కెమెరా సెట్టింగ్స్‌లో ఆ బటన్‌కి జూమ్ పెట్టి ఉంటే ఫొటో పడదు, జూమ్ అవుతుంది. పైగా కొన్ని ఫోన్లు దీన్ని కీబోర్డ్ అనుకుంటాయి. మా ఆవిడ వాట్సాప్‌లో మెసేజ్ కొడదామంటే తెర మీద కీబోర్డే రాలేదు. బ్లూటూత్ ఆపాక వచ్చింది. దూరంగా నిలబడి చేయి వీపు వెనక పెడితే ఒక్కోసారి సిగ్నల్ అందదు, ఒళ్లు అడ్డమవుతుంది. చేయి పక్కకు తెస్తే పలుకుతుంది. లోపలి గుండ్రటి బిళ్ల సెల్ చెప్పాపెట్టకుండా అయిపోతుంది, ఒకటి అదనంగా పర్సులో ఉండాల్సిందే.

స్టాండ్ సంగతి వేరు. పూర్తిగా సాగదీస్తే ఆ సన్నటి గొట్టం లోయ గాలికి ఆగదు. అదే గండికోటలో ఒక్క విసురుకి పడి, టెంపర్డ్ గ్లాస్ పగిలింది, ఒక కాలి కీలు చిట్లింది. కాలు విడిగా దొరకదన్నారు. అప్పటినుంచి సగం ఎత్తుకు మించి లేపడం లేదు, నీళ్ల సీసా ఉన్న సంచి దానికి తగిలిస్తున్నాను.

లేపాక్షిలో అసలు స్టాండే తీయలేదు. పురావస్తు శాఖ చూసుకునే కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. మండపంలో ఫోన్‌ని నేల మీద సంచికి ఆనించి, రిమోట్‌తోనే కానిచ్చాం. కింది నుంచి తీయడం వల్ల మా తలల పైన కప్పు మీది విజయనగర కాలం బొమ్మలు కూడా ఫొటోలోకి వచ్చాయి. నిలబడి తీస్తే ఆ ఫొటో వచ్చేది కాదు.

పిల్లలతో, బంధువులతో వెళ్లేవాళ్లకు ఇది అంతగా అక్కర్లేదేమో, తీసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. మేం ఇద్దరమే వెళ్తాం, జనం రాకముందే తిరిగేస్తాం. రద్దీలో ఫోన్ అంత దూరాన వదలాలంటే నాకు ధైర్యం చాలదు. కీలు చిట్లిన స్టాండ్ ఇంకెన్నాళ్లు వస్తుందో గానీ, అది పోతే కాస్త బరువైనది కొంటాను. రిమోట్ మాత్రం ఇదే ఉంచుకుంటాను.